పద్దెనిమిదో గీత

పదిహేడు దాకా సున్న.
పద్దెనిమిది కాడ పిడుగు.
నడుమ మెట్టే లేదు.

హన్మకొండ చౌరస్తాల ఏడు వందల యాభైకి కొన్న హెడ్‌సెట్.
తీగ నడుమ చింతగింజంత చక్రం.
తిప్పితే తెర మీద పట్టీ కదులుతది,
నీలంగ, బుద్ధిగ,
చెప్పిన మాట ఇనే పిల్లలెక్క.
చెవుల మాత్రం ఏం మారదు.

లైనక్స్ ఏసిచ్చిన శ్రవణ్‌కు ఫోన్ చేసిన.
"రీస్టార్ట్ కొట్టినవా అక్కా?"
కొట్టిన, మూడుసార్లు.
"తీసి పక్క రంధ్రంల పెట్టు."
పెట్టిన.
"అయితే విండోస్ ఏసుకో" అని నవ్విండు.
దీనికి అంత బలమెక్కడిది?
పదకొండేండ్ల లాప్‌టాప్,
ఫ్యాన్ తిరిగితే కాజీపేటల గూడ్సు కదిలినట్టుంటది.

పొద్దుగాలకల్ల కావాలె
కొత్తవాడ నర్సవ్వ మాటలు, నాలుగు గంటలు,
ఒక్క అక్షరం పోకుండ కాగితం మీదికి.
నలభై ఏండ్లు జంపఖానాలు నేసిన మనిషి.
మగ్గాల నడుమ బతికినోళ్ళు గట్టిగ మాట్లాడుతరంటరు.
ఈమె నోట్లోనే మాట్లాడుతది,
ఉన్నట్టుండి నవ్వుతది.
ఆ నవ్వు పద్దెనిమిది కాడ
బండల మీద ఇత్తడి తాంబాళం జారిపడ్డట్టు పడ్డది.

రాత్రి పదకొండు. కరెంటున్నది, అదే సంతోషం.
నల్ల తెర తెరిచి ఆల్సామిక్సర్ అని కొట్టిన.
నిలువు పట్టీలు, కింద తెలుపు, మీద ఎరుపు.
పెంచిన, తగ్గించిన.
గోడకు చెప్పినట్టే.
అప్పుడు కనబడ్డది మీది మూలకు:
కార్డు సున్న.
గంట సంది నేను కొడుతున్నది
పక్కింటి తలుపు.

ఎఫ్ ఆరు నొక్కితే ఇంకో పేరు బయటపడ్డది.
యూఎస్‌బీ ఆడియో డివైస్.
ఇంటిపేరు లేదు, ఊరు లేదు,
ఒక్కటే పట్టీ.
అది తన గురించి తానే అబద్ధం చెప్తదట,
నాకు ఇన్ని డెసిబెల్స్ ఉన్నయని.
సిస్టం నమ్ముతది.
తూకం రాయి తప్పయితే తక్కెడ ఏం జేస్తది?
ఎనుమాముల మార్కెట్ల పత్తి అమ్మిన మా బాపును అడగాలె.

చిన్న ఫైలు, నాలుగు వరుసలు:
దాని మాట పట్టించుకోకు,
పెంచుడు తగ్గించుడు నువ్వే లెక్కగట్టు.
ఒక కొక్కెం మూసుడు మరిచిన,
ఉన్న సౌండు సుత పోయింది.
మళ్ళ రాసిన.
కార్డు ఒకటిని నిండుగ వదిలేసి
పైప్‌వైర్‌ను పండబెట్టి లేపిన.

అయిదు. గాలి.
తొమ్మిది. ఎక్కడ్నో మగ్గం, తొక్కుడు చెక్కల చప్పుడు.
పన్నెండు కాడ
నర్సవ్వ ఊపిరి తీసుకునుడు ఇనబడ్డది.

గంటా యాభై రెండు నిమిషాల కాడ
నేను ముందుగాల రాసుకున్న: మాట లేదు.
ఉన్నది.
రికార్డర్ దిక్కు కాదు, ఇంట్లకు తిరిగి అంటున్నది:
"ఓ పద్మా, ఈ పిల్లకు జర చాయ్ పొయ్యి.
చెవులకు అవి పెట్టుకున్నంక
కడుపుల ఆకలి సుత ఇనబడదేమో."

చాయ్ వచ్చింది ఆ దినం.
ఉత్తగనే వచ్చిందనుకున్న.
ఆమె దిక్కు తల కూడ ఎత్తలే,
పడుగు అంటే ఎన్ని పోగులో అడుగుతున్న.

'మాట లేదు' కొట్టేసిన.
ప్రాజెక్టు సార్‌కు నేత ముచ్చట్లే కావాలె,
చాయ్ ఎందుకు అంటడు.
అననియ్యి.

నాలుగు వరుసలు జంపఖానా బిల్లు ఎనుక రాసి
కీబోర్డు మీద పెట్టిన.
అప్‌డేట్ వస్తే మళ్ళ పోవచ్చన్నడు శ్రవణ్.

పదిహేడు కాడ ఇప్పుడు వాన.
కొత్తవాడ రేకుల మీద ఆనాటిదో,
మా కిటికీ బయటిదో,
ఒక చెవి తీసి
చూస్తున్న.