ఆదరువు

జొంగుల్దాక్‌లో వాన నల్లగానే పడుతుందని
చిన్నప్పుడు మేమంతా నమ్మాం.
గని వీధి మలుపులో ముకెర్రెమ్ భోజనశాల.
తలుపు పక్కన పలక.
తెల్ల చిక్కుళ్లు, వంకాయ, మాంసం ఉండలు,
ఇవన్నీ పెద్ద అక్షరాల్లో.
అట్టడుగున, సుద్దముక్క అరిగిపోయాక రాసినట్టు
చిన్నగా: పిలావ్.
ఇక్కడ కూర పక్కన అన్నం.
అన్నమే ఆదరువు.

చిక్కుళ్లు ఎవరైనా వండొచ్చంటుంది.
మరిది వండుతాడు, గిన్నెలు తోమే నేనూ కలియబెడతాను.
బియ్యం దగ్గరికి మాత్రం ఎవర్నీ రానివ్వదు.

తోస్యా బియ్యం. పొట్టి గింజ, మొండి గింజ.
ఉప్పేసిన గోరువెచ్చని నీళ్లలో నానబోసి
బొగ్గెత్తుకున్న ఓడ రేవు దాటేదాకా
అలా వదిలేస్తుంది.
తర్వాత కడుగుడు.
ఒక నీరు, రెండో నీరు, ఐదో నీరు.
గిన్నె అడుగున తన ఉంగరం మీది గీతలు కనబడితేనే
చాలంటుంది.
ఈ ఊళ్లో అంత తేటగా కడిగింది
ఇంకేదీ నేను చూడలేదు,
మా నాన్న మెడతో సహా.

రాగి గిన్నెలో వెన్న.
వెన్న మాట్లాడ్డం మానేశాక సేమ్యా.
"తేనె రంగు కాదు పిల్లా, ఎర్ర గుర్రం రంగు!"
అంటుంది, నా వైపు చూడకుండానే.
ఆ రంగు వచ్చిన రెప్పపాటులో బియ్యం జారుతుంది.
చిటపటలన్నీ ఒక్కసారిగా అణుగుతాయి,
మేష్టారు గదిలోకి వచ్చినట్టు.
గింజ గాజుపూసయ్యేదాకా వేయించి
కోడి రసంతో ఎసరు పోసి
పెరట్లో సముద్రం వైపు వంగిన చెట్టు నుంచి
ఒక బిర్యానీ ఆకు.
ఒక్కటే. రెండోది వేస్తే మందు వాసనట.

ఎసరు ఇంకుతుంటే
పైన చిన్న చిన్న కళ్లు తెరుచుకుంటాయి.
అప్పుడు మంట ఆర్పి
గిన్నెకీ మూతకీ మధ్య పాత తువ్వాలు పరిచి
ఉమ్మగిలనిస్తుంది.
ఆ ఇరవై నిమిషాలు మూత ముట్టుకున్నవాళ్లు
ఆమెకి చుట్టాలు కారు.
ఆలోగా వాసన మాత్రం మెట్లెక్కి
పై వీధి దర్జీ కొట్టుదాకా పోయొస్తుంది.

సమ్మె వచ్చిన చలికాలం
పలక మీద గీతలు పడ్డాయి.
మొదట మాంసం ఉండలు. తర్వాత వంకాయ.
మూడో వారం చిక్కుళ్ల గోనె దులిపితే
రెండు గింజలు, ఒక రాయి.
కింద ఆ చిన్నక్షరాలే మిగిలాయి.

ఆ రోజు సాతుల్ముష్ వచ్చాడు.
ముగ్గురు అన్నలు పోయాక పుట్టాడని
మృత్యువు కంట పడకుండా
"అమ్మేశాం" అని పెట్టిన పేరు.
నాణేలు బల్ల మీద పరిచి లెక్కపెడుతుంటే
ఆమె గరిటె కాడతో వాటిని అతని వైపే నెట్టింది.
నిండు పళ్లెం. పొడిపొడిగా, ఏ మెతుకుకా మెతుకు.
"పక్కన ఏం కావాలి?" అంది అలవాటు కొద్దీ.
అన్నాక నాలిక కరుచుకుంది.
అతను సగం తిని, ఆలోచించి,
"ఉల్లిపాయ ఉంటే" అన్నాడు.
ఉంది. పిడికిలితో బద్దలు కొట్టింది.

మర్నాటి నుంచి వరస వాకిలి దాటి
దర్జీ మెట్ల దాకా పాకింది.
రోజూ అదే గిన్నె, రెండు వాయిలు, మూడు వాయిలు.
ఆకు మాత్రం వాయికొక్కటే.

సమ్మె గెలిచిందో విరిగిందో
బల్లకో మాట.
చిక్కుళ్లు తిరిగొచ్చాయి.
నేను కొత్త సుద్ద కొని
పలక పైన, అన్నిటికన్నా ముందు,
పెద్దగా రాశాను: పిలావ్.
ఆమె వచ్చింది. చూసింది. మోచేత్తో తుడిచేసింది.
జాకెట్టు చేతికి ఆ తెలుపు అలా ఉండగానే
"నీ రాత తర్వాత. వెళ్లి ఎసరు చూడు" అంది,
"కళ్లు తెరుస్తోంది."