4187

ధర్మాబాద్ మిర్చి యార్డులో
సర్వర్ కూడా తుమ్ముతుంది.
ఫ్యాను రెక్కల మీద ఎర్రటి పొర,
కీబోర్డు సందుల్లో గింజలు.
వారానికోసారి బ్రష్షుతో దులుపుతాను,
మరిచిపోయి ఆ చేత్తో కన్ను తుడుచుకుంటే
ఇక ఆ పూటకి మరాఠీ రాదు, తెలుగూ రాదు,
నీళ్లే వస్తాయి.

మంగళవారం రాత్రి రెండుంబావుకి
డిస్కు నిండి, రాయడానికి చోటు లేక
డేటాబేస్ నిలబడ్డ చోటే నిలబడిపోయింది.
చావలేదు. ఊపిరి బిగబట్టింది.
కాపలా లింబాజీ ఆ లైట్లు చూసి భయపడి
ప్లగ్గు పీకాడు.
అప్పుడు చచ్చింది,
సగం రాసిన పేజీ నోట్లో పెట్టుకుని.

పొద్దున ఆరింటికి గేటు బయట డెబ్బై బండ్లు.
కాంటా మీద సంచి ఉంది,
అంకె పోయి కూర్చోవడానికి ఇల్లు లేదు.
దిగంబర్ సేఠ్ ఫోన్లో: "కాయ్ ఝాలం? బ్యాకప్ ఉందిగా?"

ఉంది సేఠ్.
ఆదివారం తీసింది. కాంటా ఆపకుండా,
నడుస్తున్న బండికి ఫోటో తీసినట్టు:
చక్రం ఒక క్షణానిది, ఎద్దు కాలు ఇంకో క్షణానిది.
ఆ బండి మళ్లీ నడవాలంటే
తర్వాత జరిగిందంతా వరసగా చెప్పే
లాగ్ ఫైళ్లు కావాలి. ఒక్కటి తప్పినా కుదరదు.

"రోజూ రిజిస్టర్లో పచ్చ టిక్కు పెడతావు కదా?"
పెట్టాను.
నూటపదకొండు పచ్చ టిక్కులు.
ఒక్కరోజూ వెనక్కి తెచ్చి చూసింది లేదు.

పాత మిషను మీద ఆదివారాన్ని పరిచాను.
4171 పోశాను, తాగింది.
4172. 4173.
టీ చల్లారింది, 4186 దాకా గటగటా తాగి
4187 అడిగింది.
లేదు.
4188 చూపించాను. మొహం తిప్పుకుంది.
తర్వాతివన్నీ చేతిలోనే ఉన్నాయి, అయినా లేనట్టే.

"ఒక లాగు పోయింది సేఠ్" అన్నాను.
అవతల నవ్వు. "ఎవడిదిరా?"

నాదే అనాలి.
సోమవారం సాయంత్రం, డిస్కు నిండుతోందని ఎర్రక్షరాలు వస్తే
పైనున్నవి పాతవే కదా అని చెరపడం మొదలుపెట్టాను.
ఆ తెర మీద కొత్తవి పైనుంటాయి.
ఒకటి చెరిపాక టీ కుర్రాడు వచ్చాడు.
ఆ టీ లేకపోతే పదహారు పోయేవి.
ఇవేవీ అనలేదు.
"కరెంటు దెబ్బ" అన్నాను.

మైకులో రెండు భాషల్లో చెప్పించాం:
సోమవారం మూడున్నర తర్వాత తూచినవాళ్లు
చీటీలు తెండి, చిఠ్ఠ్యా ఆణా.
ధోతీ మడతలోంచి, తంబాకు డబ్బాలోంచి,
మేక సగం నమిలింది ఒకటి.
రెండు వందల పన్నెండు తూకాలకి
రెండు వందల పదకొండు చీటీలు.

కర్ఖేలి భూమన్న చీటీ చొక్కాతో పాటు ఉతికేశారు.
"ఎంతుండె?"
"నలభై అనుకో సారూ" అన్నాడు,
ఎక్కువ చెబితే దొంగ అంటారేమోనని.
హమాలీ మాన్కబాయి సంచి దించుతూ వెనక్కి తిరిగింది:
"నలభై ఎందుకుంటది? గా సంచి నేను మోసిన.
నలభై రెండు. నా మెడనడుగు."

నలభై రెండు వేశాను.
రిమార్కుల గడిలో ఆమె పేరు రాశాను.

ఇప్పుడు గురువారం గురువారం
పాత మిషను మీద అంతా మళ్లీ లేపి చూస్తాను.
లేచిందంటేనే టిక్కు.
నూటపన్నెండో గడిలో మాత్రం ఎర్ర సిరాతో
4187 చెరిపింది నేను అని ఉంటుంది.
సేఠ్ ఆ రిజిస్టర్ తెరవడు.
లింబాజీకి చదువు రాదు.
ఒకరోజు కూలి కోత పడింది అతనికి,
అది నేను ఇచ్చాను, బోనస్ అని అబద్ధమాడి.

లింబాజీ ఇప్పటికీ
ఆ ప్లగ్గు పక్కనుంచి పోయేటప్పుడు
చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నడుస్తాడు.