మ, వు

కాశీబుగ్గ బడిలో మూడో పీరియడు.
క్లాసంతా ఎక్కాలు అరుస్తోంది.
వెనక చాప మీద నలుగురు పిల్లలు, నేను,
మధ్యలో అట్టముక్కలు.

మోక్షిత "ళ" కోసం నాలిక మడిచి
పన్నూడిన సందులోంచి నవ్వేసింది.
అసిరినాయుడికి మాత్రం
నెల్లాళ్లుగా "మ" అంటే "వు"నే.
తోక కిందికి జారిందా లేదా,
అదొక్కటే తేడా నాయనా, చూడు.

జీడి మరకంటిన వేలు
అక్షరం కింద ఆగింది.
వాడు రెప్ప వెయ్యలేదు.
నేను అందించలేదు,
నోటిదాకా వచ్చింది, మింగేశాను.

"మ్... మా."
ఊపిరి.
"వూ... రు. మా వూరు!"

అట్టముక్క తిప్పి వెనక చూశాడు.
అక్కడేం లేదు.
"ఎవులూరు టీచరు?
రాసినోలు పేరెట్టనేదేటి?"