ఎడమ పక్క కుర్చీ

గుంటూరు లాలాపేటలో బైండింగు కొట్టు మాది.
కోతమిషను ఆయన కుడిచేతి వేళ్లు రెండు
టెన్త్ క్లాసు గైడు అంచుతో పాటు కోసుకుపోయింది.
చూపుడు వేలు, మధ్య వేలు.
అంతకు ముందు పెళ్లిళ్లలో
ఆ రెండు వేళ్లే పేకను నీళ్లలా పారించేవి,
మా అక్క కొంగులోంచి కళావరు రాజుని తీసేవి.

దస్తగిరి అంటే చెయ్యి పట్టుకునేవాడని
ఆసుపత్రి మంచం పక్కన చెప్పాడు, పేరు పెట్టిన మామే.
చెప్పి, నాలిక్కరుచుకున్నాడు.

ఆర్నెల్లు పేక ముట్టలేదు.
ఒక మధ్యాహ్నం చూస్తే
నా గంజి గిన్నెలో ఆటీను రాణి నానుతోంది.
మీగడ తీసినట్టు
ముఖాన్ని వీపునుంచి ఒలిచాడు గోటితో.
మైలుతుత్తం కలిపిన మైదా జిగురు,
నా జాకెట్ల డబ్బాలోని ఎలాస్టిక్‌లోంచి ఒక్క పోగు,
రాణి నడుం దగ్గర మడతబందు.
"చెయ్యి చెయ్యాల్సింది ఇక ముక్కే చేస్తుంది" అన్నాడు.
చెయ్యలేదు.
వానాకాలం, జిగురు ఆరక
రాణి ఏడుకు అంటుకుపోయేది.
పదకొండు రాణులు పాడయ్యాక
పన్నెండోది, రెప్ప వేసి తీసేలోగా,
ఇస్పేటు ఏడు అయ్యింది.

యార్డులో పని దిగిన హమాలీలు
టీ బంకు దగ్గర నిలబడి చూసేవాళ్లు.
చొక్కా మోచేతుల దాకా మడిచి
మిగిలిన మూడు వేళ్లూ గాలికి చూపించి మొదలుపెట్టేవాడు:
"మన దగ్గర చేతివాటం లేదబ్బాయ్,
ఉన్న కాస్తా మిషను తినేసింది."
మిర్చి ఘాటుకి ఎవడో తుమ్మితే ఈయనా తుమ్మి
రాణి వేళకు ముందే ఏడైపోయేది.
అదీ నవ్వే వాళ్లకి.

"ఏదీ, ఆ ముక్క ఇలా ఇవ్వు."
ఆ ఒక్క మాటంటే భయం ఆయనకి.
అది ఎవరి నోటైనా వచ్చేలోగా డబ్బా మూసేసి
అందరికీ టీ చెప్పేవాడు.
సంపాదన లేకపోగా ఎదురు ఖర్చు.

నాది ఎప్పుడూ ఎడమ పక్క కుర్చీ.
అక్కణ్ణుంచి మడత కనబడుతుంది,
అందుకని అక్కడ ఇంకెవరూ ఉండకూడదు.
కనికట్టంటారు దాన్ని.
నా కళ్లు మాత్రం ఎవరూ కట్టలేదు.
పద్నాలుగేళ్లు
రాణి సగానికి విరగడం చూశాను,
బొటనవేలి కింద వణుకు చూశాను,
జనం నోళ్లు తెరవడం చూశాను.
దేనికి తెరిచారో చూడలేదు.

మొన్న కరెంటు పోయిన రాత్రి
కుర్చీ ఎదురుగా లాక్కుని కూర్చున్నాను.
"జిగురు కలిపేదానివి, నీకెందుకే" అన్నాడు.
చెయ్యమన్నాను.
చార్జింగు లైటు కింద
రాణి ఉంది.
రాణి లేదు.
మడత ఎక్కడో తెలుసు, పోగు ఏ డబ్బాలోదో తెలుసు,
అయినా నా చెయ్యి నోటి మీదికి పోయింది.

"ఏదీ, ఇలా ఇవ్వు" అన్నాను.
టీ చెప్పలేదు. డబ్బా మూయలేదు.
ముక్క నా చేతిలో పెట్టాడు.

ఎలాస్టిక్ సాగిపోయింది, ఇంకో వారం కూడా రాదు.
పొద్దున్నే పోగు తీసిపెడతానన్నాను.