పదిహేడో పాదసూచిక

చిత్తూరు కోర్టు గోడవార
రేకు పందిరి కింద నా టైపు మిషను.
మాట మంచిదైనా చెడ్డదైనా
పేజీకి ఒకటే రేటు.

తిరువేంగడం సారు తిరుపతి నుంచి
మొదటి బస్సుకే దిగేవాడు.
లా కాలేజీలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పి
రిటైరయ్యాక ఒక చట్టానికి వ్యాఖ్య మొదలుపెట్టాడు.
తిరుపతిలో టైపిస్టులు లేకనా?
"నువ్వు తప్పు కొడితే, తప్పని తెలిసి కొడతావు" అనేవాడు.
అది మెప్పో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ రోజు పదకొండు పేజీలు తెచ్చాడు,
అన్నీ ఒక్క మాట మీదే:
'ప్రభుత్వము అవసరమని భావించినచో.'
భావించడమంటే?
ఎవరి బుర్రలో, ఏ ఆఫీసులో?
భావించినట్టు కాగితం ఉండాలా,
కాగితం ఉంటే భావించినట్టేనా?
ఒక తీర్పు ఔనంటే ఇంకోటి కాదంది.
ఆ రెంటి మధ్య సారు
ఎండిన నీవా ఇసుకలో చెలమ తోడినట్టు
చేత్తోనే, ఓపిగ్గా.

పక్క బల్ల మీద చెంగమ్మ.
యాదమరి అవతల పల్లె.
ఎకరా ముప్పై సెంట్ల బెంగళూరా తోపు,
దాని మీద రోడ్డు నోటీసు.
ఆమె అర్జీ నా మిషనులో సగం ఉండగానే
సారు కోసం లాగి పక్కన పెట్టాను.
తప్పు. తెలిసే చేశాను.

"ఒక మాటకి ఇన్ని కాయితాలా సామీ?"
సారు గొంతు సవరించుకుని చదివాడు
క్లాసులో లాగే.
ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.
"భావించేది మంచిదే సామీ.
యాడ కూచోని భావిస్తా వుండారో
అది గదా అడగాల.
మా తోపులోకొచ్చి, చెట్ల కింద నిలబడి భావించమను.
అప్పుడు గూడా కావాలంటే తీసుకోమను."

సారు కళ్లజోడు తీశాడు.
మళ్లీ పెట్టుకున్నాడు.
మార్జిన్లో చిన్నగా వేశాడు: 17.
పేజీ అడుగున ఆమె మాట ఇలా అయింది:
'స్థలమును స్వయముగా చూడక ఏర్పడిన అభిప్రాయము
అభిప్రాయము కానేరదని ఒక వాదము కలదు.'
చెట్లు పోయాయి. సామీ కూడా పోయింది.

అలవాటు కొద్దీ ఆమె పేరు కొట్టేశాను.
సారు తల అడ్డంగా ఊపాడు.
"పుస్తకం, పుట, సంవత్సరం.
ఈమెకి ఏ పుట వేస్తాం?"
నవ్వలేదు.
పేరు మీద వరసగా ఇంటూలు కొట్టి
పైకాగితం మళ్లీ కొత్తగా చేశాను.

పుస్తకం నల్ల అట్టతో వచ్చింది.
రైతు వకీలూ కొన్నాడు, సర్కారు వకీలూ కొన్నాడు.
ఒకసారి హాల్లో పదిహేడు చదివారట.
"ఎవరిదీ వాదము?" అన్నాడట జడ్జి.
వకీలు నీళ్లు నమిలాడట.
కిటికీ బయట నేను
చెంగమ్మ కేసుకే వాయిదా కాగితం కొడుతున్నాను.

మొన్న నిరోష అని ఒక పిల్ల వచ్చింది,
తిరుపతిలో రీసెర్చి.
"సారు పోయారు. కాగితాలు ఇంట్లో లేవు.
పదిహేడుకి మూలం ఎక్కడా దొరకలేదు."

ట్రంకు తెరిచాను.
కార్బను కాపీ అడుగు అంచున
ఇంటూల కింద నీలంగా చెంగమ్మ.
పిల్ల వేలితో తడిమి చూసింది.
"దీన్నెట్లా ఉదహరించాలి?"

నాకేం తెలుసు, నాకు మిషను తెలుసు.
"పుట లేదమ్మా. సర్వే నంబరు ఉండాది.
రెండు వందల పద్నాలుగు బై రెండు ఏ.
ఇప్పుడు దాని మీద లారీలు పోతా వుంటాయి."

"బై రెండా, రెండు ఏ నా?"

"రెండు ఏ.
తప్పు రాయొద్దు."