ఎడమ డబ్బా

మెట్టుగూడల నాది మైకు సెట్ల దుకాణం.
పెండ్లిండ్లు, గణేశ్ మండపాలు, ఎలక్షన్లు,
అందరి గొంతులూ నా వైర్లల్ల నుంచే పోయినయి.
ఉన్నమాట చెప్తున్న, నాకు పాటంటే కిరాయి.

రెండువేల మూడు, జూలై. లాలాగూడల రైల్వేవాళ్ల హాలు.
రెండొందల కుర్చీలేసిన. పదకొండు మందొచ్చిన్రు.
అండ్ల ఇద్దరు కుర్చీలు మోసిన మా పోరగాండ్లే.
ఇంకొకాయన వాన తగ్గేదాక ఉందామని వచ్చి
గొడుగు మడవకుంటనే కూసున్నడు.

బ్యాండు పేరు పౌనే ఆఠ్.
"ఎనిమిదింటికి షురూనా?" అనడిగిన.
"మా తాళంల ఎనిమిదోది ఎప్పుడూ రాదు" అన్నది నళిని.
కంటోన్మెంటు బడిల లెక్కల టీచరు, కీబోర్డు ఆమెదే.
డ్రమ్ములు క్లైవ్ రోజారియో, వర్క్‌షాప్‌ల ఫిట్టరు, గోర్లల్ల గ్రీజు.
ముబీన్ యాకుత్‌పురా నుంచి రెండు బస్సులు మారి వచ్చిండు,
గిటారుకు యూరియా సంచి తొడిగి.
బేసు ఇస్సాకు. ఇస్సాకు మాట్లాడడు.

ఏడు దెబ్బలు. మూడు, మళ్ల నాలుగు.
చీకట్ల దిగేటోనికి ఒక మెట్టు తక్కువైనట్టు
ప్రతిసారి పానం ముందుకు తూలుతది.
తకిట తకధిమి అని మా మేనమామ మద్దెల మీద కొడ్తుండె,
గదే లెక్క.
కానీ దీంట్ల ఇనుము కలిసింది,
పగలంత క్లైవ్ కొట్టే సుత్తె కలిసింది,
వంతెన మీద గూడ్సుబండి పోతుంటే
కింద చాయ్ గిలాసల లేచే అదురు కలిసింది.

ఒక్క పాట పదిహేడు నిమిషాలు.
"సినిమా పాట కొట్టుండ్రన్నా" అని మావోడు అరిస్తే
వాని నెత్తిమీద ఒక్కటిచ్చిన.
ఎందుకిచ్చిన్నో అప్పుడు తెల్వది.

పదకొండో నిమిషంల కరెంటు పోయింది.

క్లైవ్ ఆగలే.
నేను గోడ తడుముకుంట జనరేటర్ దిక్కు పోతున్న.
ముబీన్ పక్కకొచ్చేసరికి కాళ్లు నిలబడ్డయి.
కరెంటు లేని గిటారు మోగుతున్నది.
ఉత్త తీగ. ఈగ రెక్కంత చప్పుడు.
ఎవరికీ వినపడదని తెలిసీ
ఒక్క స్వరం వదలకుంట వాయిస్తున్నడు.
అవతల నళిని చచ్చిన కీబోర్డు మీద వేళ్లు ఆడిస్తున్నది,
చిక్కుడుకాయలు ఒలిచినట్టు టపటప.
ఇస్సాకు లోలోపల ఏదో అంకె చదువుతున్నడు.
అప్పుడే విన్న ఆయన గొంతు.

బయట వానల జనరేటర్ తాడు ఎన్నిసార్లు గుంజిన్నో.
లైటొచ్చింది.
నలుగురూ ఒక్కతాన్నే ఉన్నరు.
నాలుగు నిమిషాల చీకట్ల ఒక్కరు తప్పిపోలే.
గొడుగాయన లేచి నిలబడ్డడు.
చప్పట్లు కొట్టలే. నిలబడ్డడు, గంతే.

డీజిల్ పైసలు మూడొందల ఇరవై ఇయ్యకుంటనే పోయిన్రు.
తర్వాత బొంబాయి కంపెనీవోళ్లు విని
మూడు నిమిషాలకు కత్తిరించమన్నరట.
ఇస్సాకు దుబాయి పోయిండు.
పౌనే ఆఠ్ అంటే ఇప్పుడు ఎవర్నడిగినా గడియారం చూస్తరు.

నా దగ్గరొక క్యాసెట్టున్నది, మిక్సర్ నుంచి నేనే ఎక్కించింది.
ఒకదిక్కు కుషాయిగూడల ఎవరిదో పెండ్లి, ఇంకోదిక్కు వీళ్లు.
కరెంటు పోంగనే రికార్డరు ఆగింది, రాంగనే మళ్ల తిరిగింది.
వింటే ఆడ రీలు చిన్నగ మూలుగుతది, మూలిగి పాట నడుస్తది.
ఆ సందుల నాలుగు నిమిషాలున్నయని
క్యాసెట్టుకు ఏం తెలుసు.

మొన్న మోండా మార్కెట్ల క్లైవ్ కనపడ్డడు.
తెల్లజుట్టు, చేతుల చేపల సంచి.
నమస్తే పెడితే ఎవరో అనుకున్నడు.
ఉల్లిగడ్డల బల్ల మీద వేలితోటి కొట్టిన.
మూడు, మళ్ల నాలుగు.
చాన సేపు నా మొఖం దిక్కు చూసిండు.
"ఆ రోజు నీ ఎడమ డబ్బా గుర్రుమన్నది," అన్నడు,
"అందుకే డీజిల్ పైసలు ఇయ్యలే."

నిజమే. లూజు వైరు.
ఇన్నేండ్లు నాకొక్కనికే తెలుసనుకున్న.