ఒకటి–ఒకటి

బిట్రగుంట లోకోషెడ్డుతో పాటే
మా జట్టూ ఆవిరైపోయింది.

ముప్పై ఏళ్లకి
ట్రంకుపెట్టెలోంచి తీసిన పచ్చచొక్కాకి
ఇంకా బొగ్గువాసనే.

తొలి ఏడు పదకొండు మ్యాచులు, పదకొండు ఓటములు.
కావలి వాళ్లు తొమ్మిది కొట్టి
పాపమని సోడాలు కూడా తాగించారు.

ఈ ఏడు గోల్‌కీపర్ జిలానీ.
రాత్రంతా రొయ్యలగుంట కాపలా కాసి
నిద్రకళ్లతో వస్తాడు.
గోలుకి వల కూడా వాడే తెచ్చాడు,
చిరుగులతో సహా.

గూడూరు మీద, ఇక విజిలేస్తారనగా,
పెంచలప్రసాదు తన్నిన బంతి
కర్రకి కొట్టుకుని, తిరిగి వాడి మోకాలికే తగిలి
లోపల పడింది.

డ్రా అంటే గెలుపు కాదని
ఎవరికీ గుర్తు రాలా.

సున్నం గీతలేసే ఏసుపాదం మాత్రం
బంతి పడ్డచోట వంగి అరచెయ్యి ఆనించాడు,
షెడ్డులో ఇరుసు వేడి చూసినట్టు.
"కాలతా ఉందబ్బయ్యా."

వచ్చే ఆదివారం మళ్లీ కావలి.